గృహవైద్యము: భర్త వేసికొను మాత్ర భార్యకు తెలియవలెను



ఈ శీర్షిక క్రింద బిడ్డల జ్వరములను గూర్చియు, బాలింతల పథ్యములను గూర్చియు, వృద్ధుల కీళ్లనొప్పులను గూర్చియు వ్రాసినపుడు ఎవ్వరికిని ఆక్షేపణ యుండదు. ఈ మాసపు విషయ మట్టిది కాదు. పురుషులకు కలుగు అంగస్తంభన లోపమును గూర్చియు, దానికై వారు వేసికొను మాత్రలను గూర్చియు ఇందు చెప్పదలచినాము. స్త్రీల పత్రికలో ఇట్టి మాటలేలయని కొందరు పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. ఆ మాత్రను వేసికొనువాడు భర్తయే. కాని అర్ధరాత్రమున ఆయనకు గుండెనొప్పి వచ్చినచో మంచినీళ్ల గ్లాసును, మందుల పెట్టెను తెచ్చునది భార్య. ఆ క్షణమున ఆమెకు తప్పక తెలిసియుండవలసిన విషయ మొకటి కలదు. అది తెలియకపోవుటచేత పసుపుకుంకుమలకే ముప్పు రావచ్చును. కావున సిగ్గును కొంచెము ప్రక్కకు నెట్టి ఈ పుటలను కడవరకు చదువ ప్రార్థన.

ఈ విషయమై స్త్రీలు తమలో తాము అడుగుకొను ప్రశ్నలు ముఖ్యముగా మూడు. "ఉతుకుటకై చొక్కా తీయగా జేబులో ఈ మాత్రలు కనబడినవి. ఆయన దారి తప్పినారా?" అనునది మొదటిది. "కొన్ని నెలలుగా ఆయన నా చెంతకు వచ్చుట లేదు. నాలో ఏమి లోపము కలిగినది?" అనునది రెండవది. "మావారికి షుగరు, బి.పి. రెండును ఉన్నవి. ఈ మాత్ర వేసికొనవచ్చునా?" అనునది మూడవది. వీనికి సమాధానము చెప్పుటకు ముందు ఈ లోపము ఎట్లు కలుగునో తెలిసికొనవలెను.

ఇది రక్తపు కాలువల జబ్బు

గోదావరి సీమలో పుట్టిన వారికి కాలువల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1852లో కాటను దొర ధవళేశ్వరపు ఆనకట్టను ముగించిన నాటినుండి మన తిండి, మన సంపద ఆ కాలువలమీదనే ఆధారపడియున్నవి. కాలువ నిండుగా పారుచున్నను తూము తలుపెత్తనిదే చేనికి నీరెక్కదు. తలుపెత్తుటకు పైనుండి ఉత్తరువు రావలెను. లస్కరు చేయి ఆడవలెను. తూములో పూడిక లేకుండవలెను.

పురుషుని దేహమునందును ఇట్లే జరుగును. మనసున కోరిక పుట్టగా మెదడు నుండి నరముల ద్వారా ఉత్తరువు పోవును. అంతట అంగమునందలి నరముల కొనలలోను, రక్తనాళముల గోడలలోను నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు పుట్టి, అక్కడ బిగిసియున్న కండరములను సడలించును. నాళములు విప్పారి రక్తము వచ్చి నిండును. ఇదియే స్తంభనము. కొంతసేపటికి పి.డి.ఇ.-5 అను పదార్థ మొకటి ఆ సడలింపును అణచి తూమును మరల మూసివేయును. రక్తనాళములలో ఈ వాయువు చేయు పనిని కనిపెట్టినందులకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులు 1998లో నోబెలు బహుమానమును పొందిరి.

ఇందు ఏ యొక్క అంగము చెడినను లోపము కలుగును. మధుమేహము నరములను, నాళములను రెంటిని చెరచును. రక్తపు పోటు, రక్తములోని కొవ్వు, లంకపొగాకు చుట్ట, సిగరెట్టు నాళములలో పూడిక వేయును. మితిమీరిన మద్యపానము, బి.పి.కిని మనోవ్యాధులకును వాడు కొన్ని మందులు కూడ దీనికి కారణములు. అప్పుల చింత, ఉద్యోగపు దిగులు, కొత్త పెండ్లికొడుకు భయము పైనుండి రావలసిన ఉత్తరువునే ఆపివేయును. నిద్రలోను, తెల్లవారుజామునను స్తంభనము కలుగుచు భార్య చెంత మాత్రము కలుగకున్నచో అది తరచు మనసునకు సంబంధించినది. ఎప్పుడును కలుగకున్నచో దేహమునందు వ్యాధి యున్నదని అనుమానింపవలెను.

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున జరిగి 1994లో ప్రకటింపబడిన పరిశోధనలో, 40 మొదలు 70 ఏండ్ల వయసు గల పురుషులలో నూటికి 52 మందికి ఈ లోపము కొద్దిగనో గొప్పగనో ఉన్నట్లు తేలినది. ఇంత సామాన్యమైన దానిని మనవారు శాపమువలె, అవమానమువలె భావించి దాచుకొనుచున్నారు. భర్త చెంతకు రాకుండుటకు కారణము తన రూపము తగ్గుటయనియో, ఆయన మనసు పరస్త్రీపై పోవుటయనియో తలచి లోలోపల కుములు సోదరి తెలిసికొనవలసిన దిది: పెక్కు సందర్భములలో ఆయన దూరమగుట విరక్తిచేత కాదు, భంగపడుదునను భయముచేత. సంతానము కలుగలేదని అత్తగారు కోడలిని దెప్పుచుండగా, లోపము తనదని తెలిసియు పెదవి విప్పని కుమారులు కూడ కలరు. అట్టి మౌనమునకు మూల్యము చెల్లించునది కోడలే.

గుండెకు ముందుగా వచ్చు వార్త

అంగమునందలి రక్తనాళములు గుండెకు రక్తము చేర్చు నాళములకంటె సన్ననివి. పూడిక పడుట మొదలైనపుడు సన్నని బోదె ముందు మూసికొనును, పెద్ద కాలువ తరువాత మూసికొనును. అందుచేత గుండెజబ్బు బయటపడుటకు తరచు రెండు మొదలు అయిదేండ్లకు ముందుగనే ఈ లోపము కనబడుచుండును. ఆ సమయమున వైద్యుని కడకు పోయినవాడు తన గుండెను కాపాడుకొను నవకాశము పొందును. దాచినవాడు ఆ అవకాశమును పోగొట్టుకొనును.

మన జిల్లాలకు ఈ మాట మిక్కిలి ముఖ్యము. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని పల్లెలలో "ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమము" అను పేర నొక పరిశోధన జరిగినది. 45 గ్రామములలో, దాదాపు 1,80,000 జనాభాలో, 2003-04 సంవత్సరములందు ఒక యేడాది కాలమున సంభవించిన మరణముల కారణములను వారు విచారించిరి. నూటికి 32 మరణములకు గుండెజబ్బు, పక్షవాతము మొదలగు రక్తప్రసరణ వ్యాధులే కారణమని తేలినది. ఆ పరిశోధకులే 30 ఏండ్లు దాటిన వారిని పరీక్షింపగా నూటికి 13 మందికి మధుమేహము కనబడినది. వారిలో దాదాపు సగము మందికి తమకా వ్యాధి యున్నట్లే అంతవరకు తెలియదు! ఇది పట్టణవాసుల సంగతి కాదు, వరిచేల నడుమ నివసించు పల్లెవారి సంగతి.

కావున నలువది దాటిన పురుషునకు ఈ లోపము కలిగినపుడు మొదట కొనవలసినది మాత్ర కాదు. పరగడుపున షుగరు, బి.పి., రక్తములోని కొవ్వు పరీక్ష చేయించి, వైద్యుడు అవసరమన్నచో గుండెకు ఇ.సి.జి. తీయించవలెను. షుగరు అదుపునకు వచ్చి, చుట్ట మాని, దినమున కొక అరగంట వడిగా నడచినచో కొందరికి లోపము తగ్గును. తక్కినవారికిని మాత్ర మరింత బాగుగ పనిచేయును.

ఈ మాత్ర ఎట్టిది?

మనవారు వయాగ్రా యని పిలుచు మందు అసలు పేరు సిల్డెనాఫిల్. ఇంగ్లండులోని శాండ్విచ్ అను ఊర ఫైజరు కంపెనీ శాస్త్రజ్ఞులు దీనిని తయారుచేసినది గుండెనొప్పి కొరకు. ఆ నొప్పికి ఇది అంతగా ఉపకరింపలేదు. కాని పరీక్షార్థము దీనిని పుచ్చుకొనిన పురుషులు స్తంభనము బాగుగ కలుగుచున్నదని చెప్పిరి. ఆ మాటను పట్టుకొని పరిశోధన సాగింపగా, 1998 మార్చి 27వ తేదీన అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ దీనిని ఈ లోపమునకు మందుగా అంగీకరించినది. పిమ్మట టడలాఫిల్, వర్డెనాఫిల్ మున్నగునవి వచ్చినవి. ఇవి యన్నియు ఒకే జాతి మందులు. తూమును మూయు పి.డి.ఇ.-5 అను పదార్థమును కొంతకాలము పట్టి ఆపుట వీని పని.

దీనివలన రెండు సంగతులు తేటపడును. మొదటిది: ఈ మాత్ర కోరికను పుట్టించు మందు కాదు. పైనుండి ఉత్తరువు రానిదే తూము లేవదు. మాత్ర మ్రింగి గోడవైపు తిరిగి పండుకొనిన వానికి ఏమియు జరుగదు. రెండవది: ఇది వ్యభిచారపు సరకు కాదు. ఊపిరితిత్తుల రక్తనాళములలో పోటు పెరుగు వ్యాధికి ఇదే సిల్డెనాఫిల్‌ను స్త్రీలకును వైద్యులు ఇచ్చుచుందురు. కావున జేబులో మాత్రలు కనబడినంత మాత్రమున ఆయన దారి తప్పినారని నిశ్చయింపరాదు. తన భార్య యెదుట చిన్నబోకుండుటకై రహస్యముగా కొనుకొన్నవారే పెక్కుమంది. తప్పు మాత్రలో లేదు, ఆ రహస్యములో నున్నది.

వాడవలసిన విధము

వైద్యుడు పరీక్షించి చీటి వ్రాసిన పిమ్మటనే వాడవలెను. సిల్డెనాఫిల్ సాధారణముగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టుదురు. 65 ఏండ్లు దాటినవారికి, కాలేయముగాని మూత్రపిండములుగాని చెడినవారికి 25తో మొదలుపెట్టుదురు. 100కు మించరాదు. దినమునకు ఒక్కమారుకంటె వేసికొనరాదు. కలయికకు సుమారు ఒక గంట ముందుగా వేసికొనవలెను. దాని బలము నాలుగైదు గంటలుండును. అంత సేపును స్తంభన ముండునని కాదు, కోరిక కలిగినపుడు సాధ్యమగునని యర్థము.

భోజనము సంగతి మన స్త్రీలకు చెప్పదగినది. నేతితోను, నూనెతోను కూడిన బరువైన భోజనముపై సిల్డెనాఫిల్ వేసికొన్నచో అది రక్తములో కలియుట ఇంచుమించు ఒక గంట ఆలస్యమగును, బలమును తగ్గును. సంక్రాంతికి వచ్చిన అల్లునకు అరిసెలు, బొబ్బట్లు, కోడిపలావు కొసరి కొసరి వడ్డించిన రాత్రి ఆ మాత్ర పనిచేయకున్నచో మందును నిందింపరాదు. తేలికగా తిని, వ్యవధి ఇచ్చి వేసికొనవలెను. టడలాఫిల్‌కు ఈ భోజన నియమము లేదు. దాని బలము 36 గంటలవరకు నుండును. అవసరమైనపుడు 10 మిల్లీగ్రాములు మొదలుగ ఇచ్చుట యొక పద్ధతి. దినమున కొక చిన్న మోతాదు, అనగా రెండున్నర లేక 5 మిల్లీగ్రాములు, క్రమముగా ఇచ్చుట మరియొక పద్ధతి. ఏది తగునో వైద్యుడు నిర్ణయించును.

ఒక్కమారు పనిచేయలేదని మాత్రను పారవేయుటయు తప్పే, వెంటనే రెండవది మ్రింగుటయు తప్పే. మొదటి దినములలో భయము పోదు. సరియైన వేళ, సరియైన విధమున ఆరేడు మారులు చూచినగాని మందు పట్టినదో లేదో చెప్పరాదు. అప్పటికిని గుణము లేకున్నచో వైద్యునకు చెప్పినయెడల మోతాదు మార్చును, మందు మార్చును, లేక ఇతర చికిత్సలను సూచించును.

తలనొప్పి, ముఖము వేడెక్కి ఎఱ్ఱబడుట, ముక్కుదిబ్బడ, కడుపులో మంట, వస్తువులు కొంచెము నీలముగ కనబడుట కొందరికి కలిగి కొద్ది గంటలలో పోవును. టడలాఫిల్‌తో నడుమునొప్పి రావచ్చును. ఇవి ప్రమాదకరములు కావు. కాని స్తంభనము నాలుగు గంటలకు మించి తగ్గకున్నచో, ఒక కంటి చూపుగాని చెవి వినికిడిగాని హఠాత్తుగ పోయినచో, స్పృహ తప్పినచో ఒక్క నిమిషము తడయక ఆసుపత్రికి పోవలెను. తెల్లవారనిమ్మని సిగ్గుపడి కూర్చున్నచో అంగము శాశ్వతముగ చెడును.

మద్యము త్రాగి వేసికొనుట మిక్కిలి చెడ్డది. మద్యము ఒకవైపు రక్తపు పోటును దించును, మరియొకవైపు స్తంభనమునే చెరచును. గుండెపోటుగాని పక్షవాతముగాని వచ్చి ఆరు మాసములు నిండనివారు, కొద్ది శ్రమకే గుండెనొప్పి వచ్చువారు, బి.పి. మిక్కిలి తక్కువగ నుండువారు, అదుపులో లేనివారు దీనిని ముట్టరాదు. రెండంతస్తుల మెట్లు వడిగా ఎక్కినను ఆయాసముగాని నొప్పిగాని లేనివానికి దాంపత్యపు శ్రమ సాధారణముగా కీడు చేయదు. మూత్రము సాఫీగా వచ్చుటకు ముసలివారు వాడు టామ్సులోసిన్ వంటివియు, బి.పి.కి వాడు ప్రాజోసిన్‌యు ఈ మాత్రతో కలిసినచో కన్ను తిరిగి పడిపోవచ్చును. కావున తాను వాడుచున్న మందులన్నింటి పేర్లును వైద్యునకు చెప్పితీరవలెను. షుగరు, బి.పి. అదుపులో నుండి, గుండె బాగున్నదని వైద్యుడు చెప్పినచో ఆ రెండు వ్యాధులు ఉన్నవారును దీనిని నిర్భయముగ వాడవచ్చును. మూడవ ప్రశ్నకు ఇది సమాధానము.

కలియరాని రెండు మాత్రలు

ఇప్పుడు మొదట చెప్పిన ముఖ్య విషయమునకు వచ్చుచున్నాము. గుండెజబ్బు గల ఇండ్లలో సార్బిట్రేట్ అను చిన్న మాత్ర ఉండును. గుండెనొప్పి రాగానే నాలుక క్రింద పెట్టుకొనుడని వైద్యులు చెప్పుదురు. కొందరు ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్‌తో కూడ దీనిని పొట్లము కట్టి పర్సులో పెట్టుకొందురు. దీని అసలు పేరు ఐసోసార్బైడ్ డైనైట్రేట్. ఇదియు, మోనోనైట్రేట్ మాత్రలును, నైట్రోగ్లిసరిన్ మాత్రలును, నాలుక క్రింద చల్లుకొను మందును, చర్మముపై నంటించు పట్టీలును నైట్రేట్లు అను ఒకే కుటుంబమునకు చెందినవి. నికొరాండిల్ అను గుండెమందు కూడ ఈ విషయమున వీనితో సమానమే.

నైట్రేట్లు శరీరములో నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టించి తూములను తెఱచును. సిల్డెనాఫిల్ ఆ తూములను మూయనీయదు. రెండును ఒకే వేళ దేహములో నున్నచో ఏమగును? ఒక్క తూము కాదు, ఒడలి తూములన్నియు తెఱచుకొని మూతపడకుండును. కాలువలో నీటిమట్టము దిగిపోయినట్లు రక్తపు పోటు హఠాత్తుగ పడిపోవును. గుండెకును మెదడునకును రక్తము చాలదు. నొప్పి తగ్గుటకై భార్య ప్రేమతో నాలుక క్రింద పెట్టిన మాత్రయే భర్త ప్రాణము తీయవచ్చును. తీయునని ఆమెకు తెలియదు. ఆయన సాయంకాలము రహస్యముగా వేసికొన్నది ఆమెకు చెప్పలేదు గదా!

నియమ మిది. నైట్రేటు మాత్రలుగాని నికొరాండిల్‌గాని నిత్యము వాడువారు ఈ జాతి మాత్రలను ఎన్నడును వేసికొనరాదు. ఈ సుఖమునకై గుండెమందును తమంతట తాము ఒక దినము మానుట అంతకంటె పెద్ద తెలివితక్కువ. సిల్డెనాఫిల్ వేసికొన్న పిమ్మట 24 గంటలలోపలను, టడలాఫిల్ వేసికొన్న పిమ్మట 48 గంటలలోపలను సార్బిట్రేట్ ఇయ్యరాదు. గుండెనొప్పి వచ్చినచో భార్య బిడియపడక ఒక్కమాట అడుగవలెను: "ఏమండీ, నిన్నగాని మొన్నగాని ఆ మాత్ర వేసికొన్నారా? దాచకండి." వేసికొన్నానని ఆయన చెప్పినను, చెప్పలేని స్థితిలో నుండి మీకు అనుమానము కలిగినను, సార్బిట్రేట్ పెట్టక వెంటనే 108కి ఫోను చేసి, వచ్చినవారికిని ఆసుపత్రి వైద్యునకును మాత్ర పేరును, వేసికొన్న గంటయు చెప్పవలెను. గుండెపోటునకు వేరు మందులు వారివద్ద కలవు. తెలియనిదే వారును ఏమి చేయగలరు? తల తిరిగి సొమ్మసిల్లినచో దిండు తీసివేసి వెల్లకిల పరుండబెట్టి కాళ్లక్రింద ఎత్తు పెట్టవలెను.

గోడమీది వైద్యులు

బస్సుస్టాండు గోడలమీదను, రైలు పట్టాల ప్రక్క ప్రహరీలమీదను "మగతనమునకు గ్యారంటీ" యను వ్రాతలు చూడనివా రుండరు. ఫలానా లాడ్జీలో ఫలానా వారము వైద్యుడు దర్శన మిచ్చుననియు, ఒక్క కోర్సుతో యౌవనము తిరిగి వచ్చుననియు అందుండును. ఇట్టి ప్రకటనలను 1954 నాటి చట్టము నిషేధించినది. లైంగిక శక్తిని పెంచుదుమనియు, నపుంసకత్వమును కుదుర్చుదుమనియు ప్రకటించుట ఆ చట్టము క్రింద నేరము. నేరమైనను గోడలు నిండియే యున్నవి, ఇప్పుడు సెల్‌ఫోనులోనికి కూడ ఎక్కినవి.

అందు మోసము రెండు విధములు. కొన్ని పొడులలో ఏమియు నుండదు, డబ్బు పోవును. మరికొన్ని వెంటనే పనిచేయును. ఇవి మరింత ప్రమాదము. వట్టి మూలికలని అమ్మిన పొడులలోను, లేహ్యములలోను, గుళికలలోను సిల్డెనాఫిల్‌నే రహస్యముగా కలిపినట్లు అనేక దేశముల ఔషధ పరీక్షలలో బయటపడినది. మూలికయే గదా యని గుండెజబ్బు గలవాడు దానిని తిని, రాత్రి సార్బిట్రేట్ పెట్టుకొన్నచో పైన చెప్పిన ఆపదయే సంభవించును. సీసాపై పేరు లేదు గనుక వైద్యుడును పోల్చుకొనలేడు. మంచి ఔషధము మన దేశముననే అనేక కంపెనీలవారు తయారుచేయగా చౌకగా దొరకుచున్నది. చీటి చూపి, బిల్లు తీసికొని కొనదగిన మాత్ర కొరకు లాడ్జీ మెట్లు ఎక్కనేల?

పడుచువారికి కూడ ఒక మాట. శోభనమునాడు స్నేహితులు వేడుకకు చేతిలో పెట్టిన మాత్రను ఆరోగ్యవంతుడైన పెండ్లికొడుకు మ్రింగుట అనవసరము. తొలిరాత్రి భయము సహజము. నాలుగు దినముల చనువుతో పోవును. మాత్రతో మొదలుపెట్టినవానికి అది లేనిదే చేతకాదను భ్రమ కలుగును.

ఇల్లాలు చేయదగినది

మొదటిది, ఎగతాళి చేయకుండుట. కోపమున అన్న ఒక్క మాట ఆయనను వైద్యుని గుమ్మమునుండి లాడ్జీ గుమ్మమునకు తరుమును. రెండవది, ఏకాంతమున నెమ్మదిగా తెలుపుట. "షుగరు ఉన్నవారిలో ఇది చాలమందికి వచ్చునట. గుండెను కూడ ఒకమారు చూపించుకొందము. నేను కూడ వత్తును" అన్నచో పెక్కుమంది పురుషులు బరువు దిగినట్లు ఊపిరి పీల్చుకొందురు. విజయవాడ వైద్యులు డాక్టరు సమరము గారు తెలుగు పత్రికలలో ఏండ్ల తరబడి దాంపత్య విషయమైన ప్రశ్నలకు బహిరంగముగ సమాధానములు వ్రాసిరి. లక్షలమంది చదివిన ఆ ప్రశ్నలు మీ ఇంట మాత్రమే పుట్టినవి కావు. మొదట మీ ఇంటి వైద్యునకు చెప్పవచ్చును. అవసరమైనచో ఆయనయే మూత్రాంగ వ్యాధుల నిపుణుని కడకు పంపును. కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరిన ప్రభుత్వాసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులలో అట్టివారు కలరు.

మూడవది, మీ సంగతి. భర్త మాత్ర వేసికొనుట భార్యకు ఉత్తరువు కాదు. మాత్ర వృథాయగునని మీ అలసటను, అనారోగ్యమును లెక్కచేయకుండుట న్యాయము కాదు. ముట్లుడిగిన స్త్రీలకు పొడిబారుటచేత కలయిక బాధాకరమగును. దానికి లేపనములును చికిత్సయు కలవు, స్త్రీవైద్యులకు చెప్పవలెను. ఈ మాత్ర సంతానము నిచ్చు మందు కాదనియు, అంటువ్యాధులను ఆపునది కాదనియు కూడ తెలిసికొనవలెను.

నాలుగవది, ఒక కాగితము. ఇంటనున్న పెద్దలు వాడు మందులన్నింటి పేర్లును, మోతాదులును దానిపై పెద్ద అక్షరములతో వ్రాసి బీరువా తలుపునకు లోపలి వైపున అంటింపుడు. భర్త ఈ మాత్ర వాడువాడైనచో దాని పేరును అందు చేర్పుడు. వేసికొన్న నాడు ఆయన నోటితో చెప్పుటకు సిగ్గుపడినచో, ఆ కాగితముపై తేదీయు గంటయు వ్రాసి ఒక చుక్క పెట్టిన చాలును. పిల్లలకు అర్థము కాదు, మీకు అర్థమగును. సార్బిట్రేట్ ఉన్న డబ్బాలో ఈ మాత్రలను ఎన్నడును కలిపి యుంచకుడు. ఆ డబ్బా మూతపై "ఇచ్చుటకు ముందు చుక్క చూడవలెను" అని వ్రాసికొనుడు.

ఇంట గుండెమందు వాడువారున్న సోదరీమణులు ఈ కాగితపు పనిని రేపటికి వాయిదా వేయక, పత్రిక మూసిన వెంటనే చేయుదురుగాక.